వరిగింజ చెప్పు మూడు పాఠములు
(ఉన్నత పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులైన రైతులకును)



సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట మా యింట జరిగిన ఒక నష్టముతో ఈ పాఠమును ప్రారంభించుచున్నాను. అవి వానకాలపు తుకము పోయు దినములు. మా తండ్రిగారు రెండు ఎకరములకు సరిపడు వడ్లను నానవేసి, మండె కట్టి, గాలి చొరని గదిలో గోనె సంచులు కప్పి, పైన టార్పాలిను పరచి, అంచులకు రాళ్ళు పెట్టిరి. ఆ సాయంకాలమే బంధువుల పెండ్లికి ఇంటిల్లిపాదియు పొరుగూరు పోయితిమి. మూడవ నాడు తిరిగి వచ్చి తలుపు తీయగా పులిసిన కల్లు వాసన కొట్టెను. మండెలో చేయి పెట్టగా చేయి నిలుపలేనంత వేడి. మొలకలు తెల్లగా ఉండుటకు బదులు గోధుమరంగు తిరిగి, జిగటగా ఒకదానికొకటి అంటుకొని యుండెను. విత్తనమంతయు చచ్చిపోయినది. మరల విత్తనము కొని, నారు పోసి, నాట్లు వేయుసరికి అదను దాటిపోయినది.

ఆ సంవత్సరము నేను ఉన్నత పాఠశాలలో చదువుచుంటిని. మొలకెత్తు విత్తనములను థర్మాసు ఫ్లాస్కులో వేసి, ఉష్ణమాపిని గ్రుచ్చి, శ్వాసక్రియలో వేడి పుట్టునని చూపెడు ప్రయోగమును అంతకు కొలది నెలల ముందే పరీక్షలో చక్కగా వ్రాసితిని. పటము కూడ గీసితిని. మా తండ్రిగారు పాడైన వడ్లను ఎత్తిపోయుచు, "సదువుకుంటున్నవ్ గద బిడ్డా, నీకన్న తెల్వలేదా?" అనిరి. నేను జవాబు చెప్పలేకపోతిని. పుస్తకములోని ఫ్లాస్కును, మా గదిలోని మండెను కలిపి చూడవలెనని నాకు తోచనేలేదు.

పాఠమును చదువుట ఒక పని. ఇంటి ముందు జరుగుచున్న దానిలో ఆ పాఠమును గుర్తించుట మరియొక పని. ఈ రెండవ పనికి తోడ్పడుటకే ఈ వ్యాసము. భౌతిక, జీవ, రసాయన శాస్త్రములలోని మూడు ప్రాథమిక పాఠములను ఒక్క వరిగింజ వెంట నడచి నేర్చుకొందము. ఇందులకు ప్రయోగశాల అక్కరలేదు. బకెట్టు, ఉప్పు, కోడిగ్రుడ్డు, గోనె గుడ్డ, సున్నము, పసుపు, ఖాళీ పచ్చడి సీసాలు చాలును.

మన ప్రాంతము

సారంగాపూర్ జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడుటకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో చేరియుండెను. గోదావరిపై పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న శంకుస్థాపన జరిగినది. దాని కాకతీయ కాలువ నీరు జగిత్యాల ప్రాంతమునకు అందిన పిదప ఇక్కడ వరిసాగు మిక్కిలి పెరిగినది. వరితో పాటు పసుపు, మొక్కజొన్న, మామిడి ఈ ప్రాంతపు ముఖ్యమైన పంటలు. జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధనా స్థానము, వ్యవసాయ కళాశాల కలవు. 'జగిత్యాల సన్నాలు' అను పేర రైతులకు తెలిసిన జె.జి.ఎల్. 1798 వంటి వరి రకములు ఆ పరిశోధనా స్థానమున రూపొందినవే. సారంగాపూర్ బడిలో చదువుకొను బాలబాలికలలో పలువురికి బడి విడువగానే కనబడునది పొలమే. కనుక ఇచటి విద్యార్థికి ప్రయోగశాల కరవు లేదు.

మొదటి పాఠము: భౌతిక శాస్త్రము
తేలు గింజ, మునుగు గింజ

ఇంటి వడ్లనే విత్తనముగా వాడు రైతు మొదట చేయవలసిన పని తాలును, అరకొరగా పాలు పట్టిన గింజలను ఏరివేయుట. తూర్పార పట్టినపుడు తాలు చాలవరకు పోవును. కాని సగము నిండిన గింజ గాలికి కొట్టుకొనిపోదు. దానిని చేతితో ఏరుట సాధ్యము కాదు. ఇచట సాంద్రత అను భావము మనకు తోడ్పడును.

ఒక లీటరు మంచినీరు ఒక కిలో బరువుండును. ఒక వస్తువును నీటిలో వేసినపుడు అది తన పరిమాణమునకు సమానమైన నీటిని ప్రక్కకు నెట్టును. అట్లు నెట్టబడిన నీటి బరువు ఎంతయో అంత బలముతో నీరు ఆ వస్తువును పైకి నెట్టును. దీనినే ఉత్ప్లవన బలమందురు. ఈ సూత్రమును చెప్పినవాడు ప్రాచీన గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమెడిస్. వస్తువు బరువు ఆ బలముకంటె ఎక్కువైనచో అది మునుగును; తక్కువైనచో తేలును.

మంచినీటిలో వడ్లు వేసినచో కేవలము తాలు గింజలే తేలును. సగము నిండిన గింజ మంచినీటికంటె కొంచెము బరువైనది కనుక మంచి గింజలతో పాటు అడుగునకు చేరును. ఇప్పుడు గింజను మార్చలేము కాని నీటిని మార్చగలము. నీటిలో ఉప్పు కరిగించినచో లీటరు నీటి బరువు పెరుగును. అపుడు అదే గింజను నీరు మరింత బలముగా పైకి నెట్టును. సగము గింజ పైకి తేలును. నిండు గింజ మాత్రము అడుగుననే నిలుచును.

ప్రయోగము: బకెట్టులో 10 లీటర్ల నీరు పోసి, అందు ఒక తాజా కోడిగ్రుడ్డును మెల్లగా విడువుడు. అది మునుగును. గ్రుడ్డును తీసి, ఉప్పును కొంచెము కొంచెముగా వేసి కలిపి, మరల గ్రుడ్డును విడిచి చూడుడు. సుమారు ఒక కిలో నుండి ఒకటిన్నర కిలోల ఉప్పు కరుగుసరికి గ్రుడ్డు పైకి లేచి, దాని వీపు రూపాయి బిళ్ళంత మేర నీటిపైన కనబడును. అపుడు లీటరు ఉప్పునీటి బరువు సుమారు 1.08 కిలోలకు చేరినదన్నమాట. ఇంటిలోని గ్రుడ్డే ఇచట సాంద్రతను కొలుచు పరికరము. గ్రుడ్డు తాజాది కానిచో మంచినీటిలోనే తేలవచ్చును. అట్టిది కొలతకు పనికిరాదు.

ఈ నీటిలో రెండు మూడు కిలోల వడ్లు పోసి చేతితో బాగుగా కలియబెట్టుడు. కలియబెట్టనిచో పొట్టుకు అంటుకొనిన గాలి బుడగలవలన మంచి గింజలు కూడ తేలును. తేలిన వానిని తీసివేసి, మునిగిన వానిని వెంటనే రెండు మూడు మారులు మంచినీటితో కడుగుడు. ఉప్పు గింజపై మిగిలిపోయినచో మొలక దెబ్బతినును. వెలికి తీసిన గింజలతో కొంత ఉప్పు పోవును కనుక ప్రతి తడవకును ముందు గ్రుడ్డుతో నీటిని మరల పరీక్షింపవలెను. పని ముగిసిన ఉప్పునీటిని నారుమడిలోను, చెట్ల మొదళ్ళలోను పోయరాదు.

ఈ పద్ధతిని జపాను దేశమున యొకోయి తొకియొషి అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1882లో రూపొందించెను. ఇచట బలమంతయు గింజలోని పిండిదే. మొలకకు ఆకు వచ్చి స్వయముగా ఆహారము తయారుచేసుకొనువరకు తల్లిగింజలోని పిండియే ఆధారము. నిండు గింజ నుండి వచ్చిన నారు ఒకే ఎత్తున, బలముగా పెరుగుటకు కారణమిదే.

ఒక హెచ్చరిక: ఈ పరీక్ష ఇంటి విత్తనమునకు మాత్రమే. మందు పట్టించిన కొనుగోలు విత్తనమును ఇట్లు కడుగరాదు. అందులో తేలిన గింజలను కోళ్ళకు వేయరాదు.

రెండవ పాఠము: జీవ శాస్త్రము
గింజ శ్వాసించును

బరువైన గింజ అంతయు బ్రతికియున్న గింజ యని చెప్పలేము. నిల్వలో తేమ, వేడి, పురుగు తగిలిన గింజ పైకి నిండుగానే కనబడును కాని లోపలి మొలక చచ్చియుండును. అది తెలిసికొనుటకు మొలకను పరీక్షించుటయే మార్గము.

ప్రయోగము: విత్తన బస్తా పైభాగము, నడుమ, అడుగు, మూడు చోట్లనుండి గింజలు తీసి కలిపి, ఏరకుండ 100 గింజలు లెక్కించుడు. తడిపి పిండిన గోనె గుడ్డపై పది వరుసలలో పదేసి గింజలు పేర్చి, గుడ్డను చాపవలె చుట్టి నీడలో నుంచుడు. ప్రతిదినము నీరు చిలుకరించుడు. ఎనిమిదవ నాడు విప్పి, వేరును మొలకయు రెండును చక్కగా వచ్చిన వానినే లెక్కించుడు. ధ్రువీకరించిన వరి విత్తనమునకు కనీసము నూటికి 80 మొలకెత్తవలెనని మన దేశమున నియమము కలదు.

నూటికి 60 మాత్రమే మొలచినవనుకొనుడు. ఎకరమునకు 25 కిలోలు చాలుచోట అన్నియే మొక్కలు కావలెనన్న 80ని 60తో భాగించి 25తో హెచ్చింపవలెను. అనగా 33 కిలోలకు పైగా కావలెను. అప్పటికిని ఆ మొలకలు నీరసముగ నుండును కనుక విత్తనము మార్చుటయే మేలు. నారు పోసిన తరువాత తెలియుటకంటె, పది దినములు ముందు ఒక గోనె గుడ్డ ముక్కలో తెలియుట ఎంత లాభమో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కోసిన కొలదివారములకే పరీక్షించినచో కొన్ని రకముల గింజలు నిద్రావస్థలో నుండి మొలకెత్తకపోవచ్చును. అట్టి గింజ చచ్చినది కాదు. కొన్ని వారములు ఆగి మరల పరీక్షింపవలెను.

ఇక మండె సంగతి. గింజ నీరు పీల్చగానే అందలి పిండి కరిగి చక్కెరగా మారును. గింజ ప్రాణవాయువును, అనగా ఆక్సిజనును, లోపలికి తీసికొని ఆ చక్కెరను మెల్లమెల్లగా దహించి, బొగ్గుపులుసు వాయువును విడుచును. మనము అన్నము తిని శ్వాసించుటయు ఇట్టిదే. ఈ క్రియలో వెలువడు శక్తిలో కొంత మొలక పెరుగుటకు వినియోగపడును. మిగిలినది వేడిగా బయటపడును.

ప్రయోగము: రెండు సీసాలు తీసికొనుడు. ఒకదానిలో మొలకెత్తుచున్న వడ్లను, రెండవదానిలో పొడి వడ్లను సగము వరకు పోయుడు. ఒక్కొక్క సీసాలో సున్నపుతేట పోసిన చిన్న మూతను గింజలపై నిలిపి, సీసాకు బిగువుగా బిరడా పెట్టుడు. మరునాడు మొలకల సీసాలోని సున్నపుతేట పాలవలె తెల్లబడును. పొడి గింజల సీసాలో అట్లు జరుగదు, లేక మిక్కిలి తక్కువగా జరుగును. బొగ్గుపులుసు వాయువు సున్నపుతేటతో కలిసి సుద్దగా మారుటయే ఈ తెలుపునకు కారణము. మన ఊపిరిని గొట్టముతో సున్నపుతేటలో ఊదినను ఇట్లే జరుగును. గింజయు మనవలెనే శ్వాసించుచున్నదని ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

ఇప్పుడు మా యింటి మండె ఏల పాడైనదో చూతము. వేడి గింజ గింజలోను పుట్టును. కాని అది బయటికి పోవునది కుప్ప పైభాగము నుండి మాత్రమే. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి రెండింతలైనచో అందలి గింజలు ఎనిమిదింతలగును. పైభాగపు వైశాల్యము నాలుగింతలే యగును. కనుక పెద్ద కుప్ప తన వేడిని తానే దాచుకొనును. దానిపై టార్పాలిను కప్పినచో గాలి కూడ చొరదు. ప్రాణవాయువు అయిపోగానే గింజ చక్కెరను పూర్తిగా దహింపలేక, దానిని సారాయముగా మార్చుటకు మొదలుపెట్టును. కల్లు పులియుటలో జరుగునదియు ఇదే మార్పు. మా గదిలో వచ్చిన వాసన అదియే. వేడి, ఊపిరాడమి రెండును కూడి మొలకను చంపినవి.

వరి మొలకకు 30 నుండి 35 డిగ్రీల సెల్సియసు వేడి అనుకూలము. మండె 40 డిగ్రీలు దాటకుండ చూచుకొనవలెను. ఇందులకు ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను.

1. వడ్లను 24 గంటలు నానబెట్టవలెను. నడుమ ఒకటి రెండు మారులు నీరు మార్చవలెను. నిలువనీటిలో ప్రాణవాయువు త్వరగా తరిగిపోవును.
2. నీరు వడియగట్టి, చిన్న కుప్పలుగా మండె కట్టి, తడి గోనె సంచులు మాత్రమే కప్పవలెను. గాలి చొరని టార్పాలిను తగదు.
3. ఉదయము, సాయంకాలము మండె నడుమ చేయి పెట్టి చూడవలెను. వేడి ఎక్కువైనచో విప్పి, కలియబెట్టి, నీరు చిలుకరింపవలెను.
4. సాధారణముగ 24 నుండి 48 గంటలలో తెల్లని మొనలు కనబడును. కనబడగానే నారుమడిలో చల్లవలెను. యాసంగి చలిలో కొంత ఆలస్యమగును. అపుడు వెచ్చగా కప్పుట మంచిదే కాని చేయి పెట్టి చూచుట మానరాదు.

ఉష్ణమాపి దొరికినచో విద్యార్థి దానిని మండె నడుమ ఉంచి, ఆరు గంటలకొకమారు వేడిని పుస్తకములో వ్రాసికొనవలెను. మా తండ్రిగారు నేటికిని మండెను 'ఫ్లాస్కు' అనియే పిలుతురు. ఊరికి పోవలసినచో ఫ్లాస్కును ఎవరికైన ఒప్పగించి గాని పోరు.

మొలక నారుమడికి చేరిన తరువాత కూడ శ్వాస ఆగదు. మడిలో నీరు నిలిచినచో వరిగింజ మొలక పైకి సాగును కాని వేరు సరిగా పోయదు. కనుకనే చల్లిన తరువాత మడి నుండి నీరు తీసి, బురద పదునుగా ఉంచుదురు. పెరిగిన వరి మాత్రము నీటిలో నిలిచియే పంట పండించును. ఇది ఎట్లు? వరి దుబ్బును మొదలు దగ్గర అడ్డముగా కోసి చూడుడు. సన్నని గాలి గొట్టములు కనబడును. ఆకులు తీసికొనిన గాలి ఆ గొట్టముల గుండ వేళ్ళకు దిగును. వేళ్ళనుండి కొంత ప్రాణవాయువు బురదలోనికి కూడ కారి, అచటి ఇనుమును త్రుప్పుగా మార్చును. వరి వేళ్ళపై కనబడు ఎర్రని పూత ఆ త్రుప్పే. వేళ్ళు నల్లబడి, కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వచ్చినచో వేళ్ళకు ఊపిరాడుట లేదని గ్రహించి మడిని ఆరగట్టవలెను.

మొక్కజొన్నకు, పసుపునకు వరివలె నీటిలో నిలువగల ఏర్పాటు లేదు. వాని వేళ్ళు మట్టి సందులలోని గాలిపైననే ఆధారపడును. వరి మడి ప్రక్క చేనులో పసుపు వేసిన రైతు బోదెలు, మురుగు కాలువలు ఏర్పరచుకొనుటలోని శాస్త్రము ఇదియే.

మూడవ పాఠము: రసాయన శాస్త్రము
పసుపు కాగితము పట్టి చూపు దొంగ

పసుపు పండించు ప్రాంతములోని విద్యార్థికి లిట్మసు కాగితము కొనవలసిన అగత్యము లేదు. పసుపులో సున్నము కలిపినచో ఎర్రబడుట ప్రతి ఇంట తెలిసినదే. పసుపులోని రంగుపదార్థము ఆమ్లములలో పచ్చగానుండి, క్షారములలో ఎరుపునకు తిరుగును. నిమ్మరసము ఆమ్లము, సున్నము క్షారము.

ప్రయోగము: చిటికెడు పసుపును కొలది నీటిలో కలిపి, తెల్లని కాగితపు ముక్కలను అందు ముంచి నీడలో ఆరబెట్టుడు. ఒక ముక్కపై సున్నపుతేట చుక్క వేయుడు, ఎర్రబడును. దానిపై నిమ్మరసము వేయుడు, మరల పచ్చబడును. ఇదియే మన పరీక్షా కాగితము. ఇక దీనితో యూరియాలోని నత్రజని ఎట్లు తప్పించుకొని పోవునో కనిపెట్టుదము.

నూరు కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని కలదు. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలన్నమాట. మనము పీల్చు గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే అయినను వరి దానిని నేరుగా తీసికొనలేదు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజనిని హైడ్రోజనుతో కలిపి అమోనియా చేయు మార్గము చూపెను. 1913లో కార్ల్ బాష్ దానిని కర్మాగార స్థాయికి తెచ్చెను. నేటి యూరియా ఆ మార్గమున వచ్చినదే. మనకు సమీపముననున్న రామగుండములో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారము సహజవాయువును ఉపయోగించి యూరియా చేయుచున్నది. ఇంత శ్రమతో గాలినుండి పట్టి తెచ్చిన నత్రజని మన పొలములో మరల గాలిలో కలిసిపోయినచో ఎంత నష్టము!

యూరియా మట్టిలో పడగానే మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేయు యూరియేజ్ అను కిణ్వము దానిని అమోనియాగా మార్చును. ఈ కిణ్వమును తొలిసారి స్ఫటికముగా వేరుచేసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్. ఆ సంవత్సరము 1926. ఆయన వాడినది ఒక జాతి చిక్కుడు గింజల పిండి.

ప్రయోగము: మూతలుగల మూడు గాజు సీసాలు తీసికొని, తేమగల పొలపు మట్టితో సగము నింపుడు. మొదటి సీసాలో ఒక చెంచా యూరియాను మట్టిపైన చల్లుడు. రెండవ సీసాలో నాలుగు వ్రేళ్ళ లోతు గుంట చేసి, అంతే యూరియాను అడుగున వేసి, మట్టి కప్పి గట్టిగా అదుముడు. మూడవదానిలో యూరియా వేయకుండ పోల్చి చూచుటకు ఉంచుడు. మూడింటిలోను తడిపిన పసుపు కాగితమును మూత లోపలివైపు అంటించి, మూత బిగించి, నీడలో నుంచుడు. ప్రతిదినము సీసా బయటినుండియే చూడుడు. కాగితము ఆరినచో మరల తడుపవలెను.

రెండు మూడు దినములలో మొదటి సీసాలోని కాగితము ఎర్రబడును. మట్టి నుండి అమోనియా వాయువు లేచి కాగితపు తడిలో కరిగి క్షారమైనదని ఇందువలన తెలియుచున్నది. రెండవ సీసాలోని కాగితము చాల ఆలస్యముగ, స్వల్పముగ మారును, లేక మారకనే యుండును. మూడవది పచ్చగానే యుండును. మూత తీయునపుడు సీసాను ముక్కు దగ్గర పెట్టి పీల్చరాదు. ఈ ప్రయోగమును పెద్దలు లేక ఉపాధ్యాయులు దగ్గర ఉండగా చేయవలెను.

రెండు సీసాలలోను యూరియా ఒకటే, మట్టి ఒకటే. భేదము లోతు మాత్రమే. లోతున పుట్టిన అమోనియా నీటిలో కరిగి అమోనియం అయానుగా మారును. దానికి ధన విద్యుదావేశము కలదు. బంకమట్టి రేణువులకు ఋణ విద్యుదావేశము కలదు. రెండును ఆకర్షించుకొనుటచేత మట్టి అమోనియంను పట్టి నిలుపును. వేరు వచ్చి తీసికొనును. పైన చల్లినచో అట్లు పట్టుకొనుటకు మట్టి తగినంత అందదు.

నిండుగా నీరున్న వరి మడిలో చల్లినచో మరియొక చిక్కు కలదు. పగటివేళ నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును వాడుకొనుటచేత నీటి ఆమ్లగుణము తగ్గి, క్షారగుణము పెరుగును. క్షారగుణము పెరిగిన కొలది అమోనియా వాయువుగా ఎక్కువగ ఎగిరిపోవును. ఎండలో, గాలిలో, నిలువనీటిలో చల్లిన యూరియా మొదటి సీసాలోని యూరియా వంటిదే. మూత మాత్రము లేదు.

బస్తాలో మూడవ వంతు ఇట్లు పోయినదనుకొనుడు. 45 కిలోలలో 15 కిలోలు గాలి పాలైనట్లే. దానికి పెట్టిన ధన మొక నష్టము. పైరు పచ్చబడలేదని మరియొక బస్తాకై వరుసలో నిలుచుట మరియొక నష్టము. కనుక ఈ పద్ధతులను పాటింపుడు.

1. వరి మడిలో నీరు తీసివేసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుండి 48 గంటల తరువాత నీరు పెట్టవలెను. యూరియా మట్టిలోనికి దిగుటకు ఈ వ్యవధి అవసరము.
2. మొత్తము యూరియాను ఒకేమారు వేయక, నాటునపుడు, పిలక దశలో, అంకురము ఏర్పడు దశలో మూడు దఫాలుగా వేయవలెను. మోతాదును భూసార పరీక్షను బట్టి నిర్ణయించుకొనవలెను.
3. 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమగల మట్టిని, లేక 10 కిలోల వేపపిండిని కలిపి, రెండు దినములు ఉంచి చల్లుట మంచిది. 2015 నుండి మన దేశపు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి యైనది. ఆ పూత అమోనియం నైట్రేటుగా మారుటను మందగింపజేయును. అయినను నిలువనీటిలో చల్లవచ్చునని దాని అర్థము కాదు.
4. మొక్కజొన్నకు, పసుపునకు మొక్కల ప్రక్కన చాలులో వేసి వెంటనే మట్టి కప్పవలెను. రెండవ సీసాను జ్ఞాపకముంచుకొనుడు.
5. అమోనియం సల్ఫేటును, డి.ఎ.పి.ని తడి సున్నముతో ఎన్నడును కలుపరాదు. కలిపిన వెంటనే అమోనియా ఘాటుగా లేచిపోవును.

ఉపాధ్యాయులకు మనవి

ఈ మూడు పాఠములను వానకాలపు నారు దినములలో, అనగా జూన్, జులై నెలలలో చెప్పినచో విద్యార్థి ఇంటిలో జరుగు పనియే పాఠమగును. తరగతిలోని విద్యార్థులు తమ తమ ఇండ్ల విత్తనమునుండి నూరేసి గింజలు తెచ్చి మొలక పరీక్ష చేసి, ఫలితములను నల్లబల్లపై వ్రాసినచో ఆ ఊరి విత్తనపు స్థితి నారు పోయకముందే తెలియును. తక్కువ మొలచిన విత్తనముగల ఇంటికి ఆ సంగతిని ఆ ఇంటి బాలుడో బాలికయో మోసికొనిపోవును. తలిదండ్రులు ఆ మాటను చిన్నపిల్లల మాటయని త్రోసివేయక, గోనె గుడ్డను విప్పించి తామే లెక్కించి చూతురుగాక.

సారాంశము

గింజ నిండుదనమును ఉప్పునీరు చెప్పును. గింజ ప్రాణమును గోనె గుడ్డ చెప్పును. గింజ ఊపిరిని సున్నపుతేట చెప్పును. ఎరువు పోకను పసుపు కాగితము చెప్పును.

ప్రశ్నలు

1. మంచినీటిలో మునిగిన గింజ ఉప్పునీటిలో ఏల తేలును? గింజలో మార్పు వచ్చినదా, నీటిలో మార్పు వచ్చినదా?
2. 100 గింజలలో 72 మొలచినచో, నూటికి 80 మొలచు విత్తనము 25 కిలోలు చాలు పొలమునకు ఎన్ని కిలోలు కావలెను?
3. ఒకే పరిమాణపు వడ్లను ఒక పెద్ద మండెగాను, నాలుగు చిన్న మండెలుగాను కట్టిరి. దేనిలో వేడి త్వరగా పెరుగును? ఏల?
4. ఉదయము చల్లిన యూరియా కంటె మిట్టమధ్యాహ్నము నిలువనీటిలో చల్లిన యూరియా ఎక్కువగ నష్టమగుటకు నాచు ఎట్లు కారణము?
5. మీ ఇంట ఈ సంవత్సరము మండె కట్టినపుడు ఆరు గంటలకొకమారు వేడిని కొలిచి పట్టిక వ్రాయుడు. ఆ పట్టికను ముందు మీ ఉపాధ్యాయునికి కాక, మండె కట్టిన వారికి చూపుడు.